బట్టల క్లోజెట్‌లో బ్రేకర్ ప్యానెల్ ఎందుకు వద్దు? ఒక్క లైను రూల్ వెనక 140 ఏళ్ల కథ

మన ఛానెల్‌లో మామూలుగా కోటల గురించి, రైళ్ల గురించి, పాత కంపెనీల గురించి మాట్లాడుకుంటాం కదా. ఈ రోజు ఒక రేకు పెట్టె గురించి. ఇంట్లో కరెంటు బ్రేకర్లు ఉండే పెట్టె. మనం ఇక్కడ డీబీ అంటాం, మెయిన్ బోర్డు అంటాం. అమెరికాలో ప్యానెల్ అంటారు. ఆ ప్యానెల్‌ని బట్టలు పెట్టుకునే క్లోజెట్‌లో బిగించకూడదు అని అక్కడి ఎలక్ట్రికల్ కోడ్‌లో ఒక వాక్యం ఉంది. ఒక్కటే వాక్యం. అది అక్కడికి ఎలా వచ్చింది, ఎవరి డబ్బు పోతే వచ్చింది, వచ్చాక కూడా పాత ఇళ్లలో ఎందుకు పనిచేయట్లేదు, ఇదీ ఈ ఎపిసోడ్.

"నీకెందుకయ్యా ఈ కరెంటు గొడవ, నువ్వు సాఫ్ట్‌వేర్ వాడివి కదా" అని మీరు అడగొచ్చు. చెప్తాను.

మా అక్కా బావా న్యూజెర్సీలో ఉంటారు. అక్కడ 1960ల్లో కట్టిన ఇల్లు ఒకటి కొనుక్కున్నారు. కొనేముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇల్లంతా చూసి రిపోర్టు ఇస్తాడు. పైకప్పు, బాయిలర్, పైపులు, అన్నీ రాస్తాడు. ఆ రిపోర్టు మధ్యలో ఎక్కడో ఒక లైను: ప్యానెల్ బెడ్‌రూమ్ క్లోజెట్‌లో ఉంది, ఇప్పటి కోడ్ ప్రకారం అక్కడ ఉండకూడదు. బావ అమ్మే వాళ్ల ఏజెంటుని అడిగితే, "అది గ్రాండ్‌ఫాదర్డ్, ఏం కాదు" అన్నాడట. ఇల్లు కొనే హడావుడి మీకు తెలుసు కదా. లోను, వడ్డీ, అడ్వాన్సు. ఆ లైను అందరూ మర్చిపోయారు. ఆ గది పాపకి ఇచ్చారు. క్లోజెట్‌లో సగం పాప గౌన్లు, సగం అక్క పట్టుచీరలు, కింద ఇండియా సూట్‌కేసులు. ప్యానెల్ చీరల వెనక ఎక్కడో ఉంది.

ఒక శనివారం పొద్దున్న ఏడింటికి అక్కతో వీడియో కాల్‌లో ఉన్నాను. అక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. అక్క వెనకాల లైటు కొట్టుకుంటోంది.

"ఆ లైటేంటక్కా, అలా ఆడుతోంది?"

"రెండ్రోజుల్నుంచి అంతేరా. పాప గదిలో ఏదో వాసన కూడా వస్తోంది, కాలిన ప్లాస్టిక్ లాగా."

నాకు ఒళ్లు చల్లబడింది. "అక్కా, ముందు పాపని ఎత్తుకొచ్చెయ్. బావని మెయిన్ ఆపమను" అన్నాను. అక్క పాపని తెచ్చేసింది. బావ క్లోజెట్ తలుపు తీశాడు. ఫోను అక్క చేతిలో ఉంది కాబట్టి నాకు కనిపిస్తూనే ఉంది. ఒక సూట్‌కేసు లాగాడు. ఇంకోటి లాగాడు. చీరల హ్యాంగర్లు తీసి మంచం మీద పడేశాడు. ఇంకా కవర్లు, ఒక ఇస్త్రీ బోర్డు. చివరికి స్క్రీన్ ఆగిపోయింది, కాల్ కట్టయింది. మెయిన్ ఆపేశాడు కాబట్టి వైఫై పోయిందని నాకు తర్వాత అర్థమైంది. కానీ అప్పటికి తెలియదు కదా. కాల్ మొత్తం చూసుకుంటే, ఆపమని నేను అన్నప్పట్నుంచి కట్టయ్యే దాకా దాదాపు నాలుగు నిమిషాలు.

ఏమీ కాలేదండి. అందరూ బాగున్నారు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్ మూత తీశాడు. ఒక బ్రేకర్ దగ్గర వైరు బిగించే స్క్రూ వదులై ఉంది. అక్కడ వైరు తొడుగు వేలెడంత మేర గోధుమరంగులోకి మారి, పెళుసై, ముట్టుకుంటే రాలుతోంది. బావ ఆ ఫొటో పంపించి ఒకే ప్రశ్న అడిగాడు: "బ్రేకర్ ఎందుకు పడలేదురా?"

ఆ ప్రశ్నతో మొదలుపెడదాం, ఎందుకంటే క్లోజెట్ రూల్ మూలం ఇందులోనే ఉంది.

బ్రేకర్ చూసేది ఒక్కటే, తనలోంచి ఎంత కరెంటు పోతోంది అని. లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి, రెండు లోహాలు అతికించిన పట్టీ. పరిమితికి మించి కరెంటు కాసేపు పోతే అది వేడెక్కి వంగి స్విచ్‌ని పడేస్తుంది. రెండోది అయస్కాంతంలా పనిచేసే కాయిల్. షార్ట్ సర్క్యూట్ అయితే అది వెంటనే లాగేస్తుంది. బాగుంది. ఇప్పుడు 20 ఆంపియర్ల బ్రేకర్ దగ్గర స్క్రూ వదులైంది అనుకోండి. ఆ జాయింటు దగ్గర 0.1 ఓమ్ నిరోధం వచ్చింది అనుకోండి. 20 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 20 ఇంటూ 20 ఇంటూ 0.1, అంటే 40 వాట్లు. బీటెక్ ల్యాబ్‌లో మనం పట్టుకున్న సోల్డరింగ్ ఐరన్ గుర్తుందా? అంత వేడి, ఒక చిన్న స్క్రూ మీద. కానీ పోయే కరెంటు మాత్రం మామూలుగానే ఉంది. కాబట్టి బ్రేకర్‌కి పడటానికి కారణమే లేదు. అది తన పని సరిగ్గానే చేస్తోంది.

అంటే ఏంటి? ప్యానెల్ ఇంట్లో వైర్లన్నిటికీ కాపలా కాస్తుంది, కానీ దానిలో ఉన్న జాయింట్లకి అది కాపలా కాయలేదు. పైగా ఇంట్లో సర్క్యూట్లన్నీ వచ్చి కలిసేది అక్కడే. డజన్ల కొద్దీ స్క్రూలు ఒకే పెట్టెలో. కాబట్టి ఆ పెట్టె చుట్టూ అంటుకునేది ఏదీ ఉండకూడదు, అవసరమైతే వెంటనే దాన్ని చేరుకోగలగాలి. ఈ రెండు విషయాలు మనిషికి అర్థం కావడానికి ఎంత కాలం పట్టిందో ఇప్పుడు చూద్దాం.

1880కి వెళ్దాం. ఆ ఏడాది మే నెలలో థామస్ ఎడిసన్‌కి ఫ్యూజ్ మీద పేటెంటు వచ్చింది. సన్నటి వైరు ముక్క, ఎక్కువ కరెంటు వస్తే ముందు అదే కరిగిపోయి మిగతా వైరింగ్‌ని కాపాడుతుంది. ఆలోచన గొప్పది. కానీ కరుగుతున్న లోహం దగ్గర ఏముందో అనేది ఇంకో ప్రశ్న. ఆ ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు.

అప్పట్లో ఇంట్లో కరెంటు అంటే కోటీశ్వరుల సరదా. న్యూయార్క్‌లో రైల్వే సంపన్నుడు విలియం హెచ్. వాండర్‌బిల్ట్ తన ఇంట్లో కరెంటు దీపాలు పెట్టించుకున్నాడు. గోడకి అంటించిన కాగితంలో సన్నటి లోహపు తీగలు నేసి ఉన్నాయి, మన జరీ లాగా. వైర్లు దానికి తగిలి పొగ మొదలైంది. ఎడిసన్ తర్వాత ఈ కథ తనే చెప్పుకున్నాడు. ఇంటి కింద బాయిలరు, ఇంజను ఉన్నాయని అప్పుడే తెలుసుకున్న వాండర్‌బిల్ట్ భార్య, దాని మీద నేను కాపురం చేయను అనేసిందట. మొత్తం పీకేయాల్సి వచ్చింది. బ్యాంకరు జె.పి. మోర్గన్ ఇంట్లోనూ ఇలాంటిదే. మాడిసన్ అవెన్యూ ఇంట్లో లైబ్రరీ బల్ల మీది దీపానికి తివాచీ కింద నుంచి వైరు లాగారు. అక్కడ నిప్పు అంటుకుని బల్ల, తివాచీ కాలిపోయాయి. ఆయన మాత్రం కరెంటు వదల్లేదు, మళ్లీ సరిగ్గా చేయించుకున్నాడు.

గమనించారా? గోడకి అంటించిన జరీ కాగితం, నేల మీద తివాచీ. వైరు తప్పు ఒకటి, వైరు పక్కన ఏముందన్నది ఇంకోటి.

1882 సెప్టెంబర్ 4న ఎడిసన్ పెరల్ స్ట్రీట్ స్టేషన్ మొదలైంది. కింది మాన్‌హట్టన్‌లో ఒక చిన్న ప్రాంతానికి కరెంటు. మరోవైపు బట్టల మిల్లుల్లో ఆర్క్ లాంపులు వచ్చాయి. రెండు కార్బన్ కడ్డీల మధ్య నిప్పు మెరుపుతో వెలిగే దీపాలు. ఎర్రగా కాలిన కార్బన్ ముక్కలు అప్పుడప్పుడూ రాలి కింద పడేవి. కింద ఏముంటుంది? పత్తి. గాలి నిండా పత్తి నూగు. మిగతాది మీరే ఊహించుకోండి.

ఇక్కడ కథలోకి ఎవరొచ్చారో చూడండి. ప్రభుత్వం రాలేదు. ఇంజనీర్లూ ముందు రాలేదు. ఇన్సూరెన్సు వాళ్లొచ్చారు. ఎందుకంటే మిల్లు కాలితే చెక్కు రాసేది వాళ్లు. 1881-82 ప్రాంతంలోనే న్యూయార్క్ అగ్ని బీమా సంస్థల బోర్డు కరెంటు దీపాలకి రూల్స్ రాసింది. మిల్లులకి బీమా ఇచ్చేవాళ్లు తమ రూల్స్ తాము రాసుకున్నారు. రూల్ పాటించకపోతే జైలు లేదు, పాలసీ ఉండదు అంతే. మిల్లు ఓనర్లకి అది చాలు.

1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. లక్షల దీపాలు, అప్పటికి ఎవరూ చూడనంత కరెంటు. అన్నీ తాత్కాలికంగా కట్టిన భవనాలు. బీమా వాళ్లకి నిద్ర పట్టలేదు. విలియం హెన్రీ మెరిల్ అనే యువ ఎలక్ట్రికల్ ఇంజనీరుని పిలిపించి, చూడమన్నారు. వైర్లు, స్విచ్‌లు, ఫ్యూజులు ఏవి నమ్మొచ్చో పరీక్ష చేసి చెప్పేవాళ్లు ఎవరూ లేరని అతనికి అర్థమైంది. 1894లో చిన్నగా ఒక ల్యాబు పెట్టాడు. అదే తర్వాత అండర్‌రైటర్స్ లాబొరేటరీస్. మీ ల్యాప్‌టాప్ చార్జరు తిప్పి చూడండి, గుండ్రటి గీతలో యూ, ఎల్ అనే రెండు అక్షరాలు ఉండొచ్చు. అది వాళ్ల ముద్రే.

అప్పటికి ఇంకో గొడవ. 1895 నాటికి అమెరికాలో ఐదు వేర్వేరు ఎలక్ట్రికల్ కోడ్‌లు నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి వెంటనే తెలుస్తుంది ఇది ఎంత నరకమో. ఒకే పనికి ఐదు స్టాండర్డులు, ఒక్కోటీ ఒక్కోలా చెప్తుంది. 1896 మార్చిలో న్యూయార్క్‌లో అందరూ ఒకచోట కూర్చున్నారు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ క్రాకర్ దానికి అధ్యక్షుడు. బీమా వాళ్లు, కరెంటు కంపెనీల వాళ్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు. ఉన్న కోడ్‌లన్నీ ముందు పెట్టుకుని ఒక డ్రాఫ్టు చేశారు. దాన్ని అమెరికాలో, యూరప్‌లో కలిపి 1200 మందికి పంపించి మీరేమంటారు అని అడిగారు. ఇప్పటి భాషలో కోడ్ రివ్యూ అన్నమాట. పోస్టులో. 1897లో బయటికొచ్చింది నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. ఇప్పటికీ అదే పేరు. 1911 నుంచి నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ దాన్ని చూసుకుంటోంది. ఇప్పుడు మూడేళ్లకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. ఎవరైనా సవరణ పంపించొచ్చు, కమిటీ చర్చించి ఓటు వేస్తుంది.

ఇప్పుడు మన రూల్ దగ్గరికి వద్దాం. 20వ శతాబ్దం మొదటి ఏళ్ల కోడ్ పుస్తకాలు తిరగేస్తే, స్విచ్‌లు, ఫ్యూజులు, సర్క్యూట్ బ్రేకర్ల గురించి ఒక నియమం కనిపిస్తుంది. తేలిగ్గా అంటుకునే సామాను పక్కన వీటిని పెట్టకూడదు, మండే వాయువులు, దుమ్ము, ఎగిరే పీచు తగిలే చోట పెట్టకూడదు అని దాని సారాంశం. ఎగిరే పీచు! అది చదివినప్పుడు నాకు పత్తి మిల్లు కళ్ల ముందు కనిపించింది. ఆ వాక్యం రాసినవాళ్లకి బెడ్‌రూమ్ క్లోజెట్ మనసులో లేదు, ఫ్యాక్టరీ ఉంది. ఇంకో నియమం కూడా అప్పటిదే: ఫ్యూజులు కనిపించేలా అయినా ఉండాలి, లేదా సరైన పెట్టెలో అయినా ఉండాలి, ఏదైనా సరే తేలిగ్గా అందాలి.

మరి మిల్లులో పుట్టిన రూల్ పడకగదిలోకి ఎలా వచ్చింది? మూడు మార్పులు.

మొదటిది, ఫ్యూజు పోయి బ్రేకర్ వచ్చింది. ఫ్యూజు కాలినప్పుడల్లా మార్చాలి. చేతిలో ఫ్యూజు లేకపోతే జనం వెనకాల రాగి పెన్నీ పెట్టేసేవాళ్లు. మన ఊళ్లలో ఫ్యూజు క్యారియర్‌కి లావుపాటి తీగ చుట్టేవాళ్లు కదా, అదే తెలివి అక్కడా ఉంది. 1924లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ బృందం చిన్న బ్రేకర్ కనిపెట్టింది. ఇందాక చెప్పిన వేడి పట్టీ, కాయిల్, రెండూ ఒకే చిన్న డబ్బాలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి అమెరికా ఇళ్లలో బ్రేకర్ ప్యానెల్ మామూలైపోయింది.

రెండోది, ప్యానెల్ సైజు. అమెరికా ఇళ్ల గోడలు మనలా ఇటుక కాదు. చెక్క నిలువు కర్రలు పాతి, రెండు వైపులా జిప్సమ్ పలకలు కొడతారు. కర్రకీ కర్రకీ మధ్య లెక్క 16 అంగుళాలు. కర్ర మందం తీసేస్తే ఖాళీ పద్నాలుగున్నర. ఇంటి ప్యానెల్ వెడల్పు కూడా దాదాపు అంతే, అందులో పట్టేలా చేస్తారు. అంటే ఏ గోడలోనైనా ఇట్టే దూరిపోతుంది.

మూడోది, క్లోజెట్. పాత ఇళ్లలో బట్టలు బీరువాలో ఉండేవి. 20వ శతాబ్దంలో ప్రతి బెడ్‌రూమ్‌కీ గోడలో కలిపేసిన క్లోజెట్ వచ్చింది. బేస్‌మెంట్ లేని ఇళ్లలో, అపార్టుమెంట్లలో బిల్డరు ఏం చేస్తాడు? హాల్లో రేకు పెట్టె అసహ్యంగా ఉంటుంది. క్లోజెట్ గోడలో పెడితే ఎవరికీ కనిపించదు. కొనేవాళ్లకీ బాగుంది. కానీ కనిపించని పెట్టె ముందు మనుషులు ఏం చేస్తారో మనకు తెలుసు. సామాను పెడతారు.

అందుకే కోడ్ తన పాత వాక్యానికి ఒక ఉదాహరణ తగిలించింది. 240.24 సెక్షన్, డి క్లాజు. తేలిగ్గా అంటుకునే వస్తువుల దగ్గర ఓవర్‌కరెంట్ పరికరాలు ఉండకూడదు, ఉదాహరణకి బట్టల క్లోజెట్లలో. అంతే. పత్తి మిల్లు స్థానంలో బట్టల క్లోజెట్. ఆలోచిస్తే రెండూ ఒకటే కదండీ. మిల్లులో ఎగిరిన పత్తే ఇక్కడ చీరై, చొక్కాయై వేలాడుతోంది.

ఇక్కడ చాలామంది ఒక చిన్న విషయం దగ్గర తప్పు చేస్తారు. కోడ్ చెప్పింది బట్టల క్లోజెట్ అని. అన్ని క్లోజెట్లూ కాదు. కోడ్‌లో దానికి నిర్వచనం కూడా ఉంది: ప్రధానంగా దుస్తులు దాచుకోవడానికి ఉద్దేశించిన, మనుషులు నివసించని చోటు. వాటర్ హీటరు ఉండే యుటిలిటీ క్లోజెట్‌లో ప్యానెల్ పెట్టొచ్చు. కానీ ముందు ఖాళీ ఉండాలి. 110.26 సెక్షన్ ప్రకారం కనీసం 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల లోతు, ఆరున్నర అడుగుల ఎత్తు. ఆ ఖాళీలో సామాను పెట్టకూడదు అని కూడా విడిగా రాశారు. అది ఎలక్ట్రీషియన్ కోసం. కరెంటు ఉండగానే ప్యానెల్ తెరిచి చూడాల్సి వస్తే, షాక్ కొడితే వెనక్కి పడటానికి చోటుండాలి. ఇంకా బ్రేకర్ పిడి 6 అడుగుల 7 అంగుళాలకి పైన ఉండకూడదు, అంటే మామూలు మనిషికి అందాలి. మరి నడిచి వెళ్లేంత పెద్ద వాక్-ఇన్ క్లోజెట్ ఉంది, ప్యానెల్ ముందు 36 అంగుళాలు ఖాళీ ఉంది, అప్పుడో? అప్పుడూ కుదరదు. ఖాళీ రూల్ పాసయినా బట్టల రూల్ ఫెయిలే. దుప్పట్లు పెట్టుకునే లినెన్ క్లోజెట్ దగ్గర మాత్రం వాదన ఉంటుంది. అప్పుడు స్థానిక ఇన్‌స్పెక్టర్ మాటే ఫైనల్.

ఈ రూల్‌కి ఒక అక్క కూడా ఉంది. క్లోజెట్‌లో దీపం రూల్. గొలుసు లాగితే వెలిగే ఉత్త బల్బు, హాలీవుడ్ సినిమాల్లో చూసే ఉంటారు. కోడ్ దాన్ని బట్టల క్లోజెట్‌లో ఒప్పుకోదు. బల్బు పూర్తిగా మూసి ఉండాలి, బట్టలు పెట్టే చోటికి ఇన్ని అంగుళాల దూరం ఉండాలి అని లెక్కలున్నాయి. ఎందుకో మీకు ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత వచ్చినవి వరసగా చూడండి. 1993లో ఇళ్లలో బాత్‌రూమ్‌లలో కూడా ఈ పరికరాలు పెట్టకూడదన్నారు. 2008లో మెట్ల మీద పెట్టకూడదన్నారు. 2020లో కొత్త ఇళ్లకి బయట గోడ మీద ఎమర్జెన్సీ స్విచ్ ఉండాలన్నారు, ఇల్లు అంటుకుంటే ఫైర్ సిబ్బంది లోపలికి వెళ్లకుండానే కరెంటు ఆపేయడానికి. మా బావ క్లోజెట్‌లో నాలుగు నిమిషాలు సూట్‌కేసులు లాగాడు కదా, ఆ నాలుగు నిమిషాలకి కోడ్ ఇచ్చిన జవాబు ఈ చివరిది.

మరి ఇన్ని రూల్స్ ఉండగా మా అక్క ఇంట్లో ప్యానెల్ క్లోజెట్‌లోనే ఎందుకుంది? ఇక్కడే ఆ ఏజెంటు మాట వస్తుంది. గ్రాండ్‌ఫాదర్డ్.

ఆ మాటకి చాలా చెడ్డ చరిత్ర ఉందండి. అమెరికా అంతర్యుద్ధం తర్వాత నల్లజాతి వాళ్లకి ఓటు హక్కు వచ్చింది. 1890ల నుంచి దక్షిణాది రాష్ట్రాలు కొన్ని, ఓటు వేయాలంటే చదువు పరీక్ష పాసవ్వాలి అని పెట్టాయి. మరి చదువురాని తెల్లవాళ్లో? మీ తాత 1867కి ముందు ఓటరైతే మీకు పరీక్ష అక్కర్లేదు అన్నారు. బానిసల మనవళ్లకి అలాంటి తాతలు ఎక్కడుంటారు? 1898లో లూసియానా దీన్ని రాజ్యాంగంలోనే రాసుకుంది. 1915లో సుప్రీంకోర్టు ఇలాంటి క్లాజులు చెల్లవని కొట్టేసింది. మాట మాత్రం మిగిలిపోయింది. పాతదాన్ని కొత్త రూల్ ముట్టుకోదు అనే అర్థంలో ఇప్పటికీ వాడేస్తున్నారు.

ఇళ్ల విషయంలో దానికి ఒక న్యాయం ఉంది, కాదనను. నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రమో, ఊరో దాన్ని స్వీకరిస్తేనే చట్టం. స్వీకరించాక కూడా మామూలుగా కొత్త పనులకే వర్తిస్తుంది. మూడేళ్లకోసారి దేశంలో ప్రతి ఇంటినీ పగలగొట్టి మార్చమంటే ఎవరూ భరించలేరు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ. పాతది నడవాలి కాబట్టి నడవనిస్తారు.

కానీ నేను ఆరేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. పాత సిస్టమ్‌ని నడవనిస్తున్నాం అంటే అది బాగుంది అని కాదు. మార్చడానికి ఖర్చెక్కువ, కాబట్టి ఆ రిస్కు మనం మోస్తున్నాం అని. ఎవరు మోస్తున్నారో తెలిసుండాలి అంతే. మా అక్క ఇంట్లో ఆ రిస్కు మోసింది పాప. ఎనభై ఏళ్ల తరబడి బీమా వాళ్లూ, ఇంజనీర్లూ కూడి రాసిన ఒక హెచ్చరికని, "గ్రాండ్‌ఫాదర్డ్" అనే ఒక్క మాట పక్కకి తోసేసింది. ఏజెంటు అబద్ధం చెప్పలేదు. చట్టం గురించి అడిగితే చట్టం గురించే చెప్పాడు. బావ అడగాల్సిన ప్రశ్న వేరు: ఇది కాలుతుందా?

ఆ తర్వాత ఏమైందో చెప్పి ముగిస్తాను. అదే రోజు క్లోజెట్ ఖాళీ చేసేశారు. పాపని వేరే గదికి మార్చారు. కొన్ని నెలల తర్వాత, ఎలాగూ కారు చార్జింగ్ కోసం కరెంటు లోడు పెంచాలి కాబట్టి, ప్యానెల్‌ని గ్యారేజీ గోడ మీదకి మార్పించారు. పర్మిట్ తీసుకున్నారు, ఊరి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాడు. కొన్ని వేల డాలర్లయింది. పాత వైర్లు కొత్త ప్యానెల్ దాకా అందవు కదా, కాబట్టి క్లోజెట్‌లోని పాత పెట్టెలో బ్రేకర్లన్నీ తీసేసి, వైర్లు అతికే జంక్షన్ బాక్సుగా మార్చి, ఖాళీ మూత బిగించారు. బ్రేకర్లు లేవు కాబట్టి ఆ క్లాజు దానికి వర్తించదు. కానీ ఆ మూతని గోడలో కప్పెట్టకూడదు, తీసి చూసేలా ఉండాలి. కాబట్టి పెట్టె ఇంకా అక్కడే ఉంది. "దాని ముందు ఏం పెట్టావక్కా?" అని మొన్న అడిగాను. "ఏమీ పెట్టలేదురా బాబూ, నీ మీద ఒట్టు" అంది. వీడియోలో చూపించింది కూడా.

అమెరికాలో ఉన్న మన వాళ్లు ఈ ఎపిసోడ్ చూస్తుంటే, ఒక పని చేయండి. మీ ప్యానెల్ ఎక్కడుందో ఈ రాత్రి వెళ్లి చూడండి. ముందు ఏముందో చూడండి. తలుపు లోపల కాగితం మీద ఏ బ్రేకర్ ఏ గదికో రాసుందా చూడండి. అది కూడా కోడ్ అడిగేదే. అద్దె ఇల్లయితే ఓనరుకి ఒక మెయిల్ పెట్టండి. మూత మాత్రం మీరు తీయకండి, అది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని.

ఇక్కడ హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్లకి ఆ కోడ్ వర్తించదు. మన గోడలు ఇటుక, సిమెంటు, అంత తేలిగ్గా అంటుకోవు. నిజమే. కానీ ఆ వదులైన స్క్రూ 40 వాట్ల లెక్క ఏ దేశంలోనైనా అదే లెక్క. నేను ఈ స్క్రిప్టు రాస్తూ లేచి వెళ్లి మా ఫ్లాట్‌లో డీబీ ఎక్కడుందా అని చూశాను. తలుపు వెనక ఉంది. ఇంటీరియర్ చేయించినప్పుడు, రేకు పెట్టె బాగోదని, మా వాళ్లు దాని ముందు ప్లైవుడ్ తలుపుతో షూ ర్యాక్ కట్టించారు. పై అరలో పాత న్యూస్ పేపర్లు.

పేపర్లు తీసేశాను. ఆ అర ఇప్పుడు ఖాళీ. వడ్రంగికి ఫోన్ చేశాను, ఆదివారం వస్తానన్నాడు.

మీ ఇంట్లో ఎక్కడుందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.